గేమ్ తీసేశాం, జాగా ఎందుకు రాలేదు? లైనక్స్‌లో విండోస్ గేమ్‌లు వదిలి వెళ్లే సామాను

ఈ వారం ఎపిసోడ్ లిమరిక్ నుంచి ఒక తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. విననివాళ్ల కోసం ఆ ముక్క ఇక్కడ రాస్తున్నాను.

శ్రోత: అన్నా, పాత లాప్‌టాప్‌లో విండోస్ 10 తీసేసి లైనక్స్ మింట్ వేసుకున్నా. వైన్ పెట్టుకుని రెండు మూడు గేమ్‌లు ఆడా. ఇప్పుడు స్పేస్ చాలట్లేదని గేమ్‌లు తీసేశా, వైన్ కూడా తీసేశా. అయినా డిస్క్ నిండినట్టే చూపిస్తోంది. మెనూలో గేమ్ పేరు ఇంకా ఉంది, నొక్కితే ఏమీ అవ్వట్లేదు. ఇక ఫార్మాట్ కొట్టేయడమేనా?

నేను: ఫార్మాట్ వద్దు తమ్ముడూ. అలాగని ఇప్పుడే ఏదీ డిలీట్ చెయ్యొద్దు కూడా. ముందు ఏది ఎక్కడుందో చూద్దాం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి ఇలాంటి మెసేజ్‌లు చాలా వస్తున్నాయి. లాప్‌టాప్ బాగానే పనిచేస్తోంది, విండోస్ 11కి మాత్రం పనికిరాదంటుంది. కొత్తది కొనాలంటే ఇక్కడి అద్దెలు కట్టాక చేతిలో మిగిలేది ఎంతో అందరికీ తెలిసిందే. అందుకని చాలామంది లైనక్స్ వేసుకున్నారు. డ్యూటీ అయ్యాక ఆడుకునే గేమ్‌లు మాత్రం విండోస్‌వే. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

ఎపిసోడ్‌లో నోటితో చెప్పినవి చేసేటప్పుడు గుర్తుండవు కాబట్టి, వరుసగా ఇక్కడ పెడుతున్నాను. ఫోల్డర్ పేర్లు తెలుగులోనే రాశాను, మీ స్క్రీన్ మీద అవి ఇంగ్లిష్ అక్షరాల్లో కనిపిస్తాయి. టెర్మినల్ కమాండ్లు కావాలనే ఇవ్వట్లేదు. డిలీట్ చేసే పనిలో ఒక్క అక్షరం తప్పు పడితే ఏం పోతుందో చెప్పలేం. మౌస్‌తో, కళ్లతో చూసుకుంటూ చేద్దాం.

ముందు నా తప్పు చెప్పుకోవాలి

ఈ సలహా ఇచ్చే అర్హత నాకు ఎలా వచ్చిందంటే, నేను పోగొట్టుకున్నాను కాబట్టి.

2008 వేసవిలో మా చెల్లి ఇంటర్ సెలవుల్లో ఉంది. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఉండేది. అందులో మన సొంత మ్యాప్ తయారు చేసుకునే ఎడిటర్ ఉంటుంది కదా, దానితో కూర్చుని మా ఊరు మొత్తం గీసింది. ఊరి చెరువు, చెరువు గట్టు మీద చెట్లు. మొనాస్టరీ బిల్డింగ్ పెట్టి అదే రామాలయం అంది. మార్కెట్ పెట్టి సంత అంది. మిల్లు ఎలాగూ ఉంది, అది మా వీధి చివరి రైస్ మిల్లు. ఆ గేమ్‌ని నేను ఫోల్డర్‌తో సహా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కాలేజీకి, ఉద్యోగానికి, చివరికి డబ్లిన్‌కి తెచ్చుకున్నాను.

ఇక్కడ నలుగురం కలిసి ఉంటున్న ఇంట్లో, ఒక రాత్రి ఐఆర్‌పీ రెన్యువల్‌కి పాస్‌పోర్ట్, పే స్లిప్పులు స్కాన్ చేసి పెట్టుకుంటున్నాను. డిస్క్ నిండిపోయింది, సేవ్ అవ్వట్లేదు. ఆ కంగారులో వైన్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేశాను. జాగా రాలేదు. వెతికితే హోమ్ ఫోల్డర్‌లో డాట్ వైన్ అనే దాగున్న ఫోల్డర్ ఒకటి, ముప్పై జీబీకి పైగా, కనిపించింది. "వైనే లేనప్పుడు ఇదెందుకు" అనుకుని షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కాను. ట్రాష్‌కి కూడా వెళ్లకుండా పోయింది. చెల్లి గీసిన మ్యాప్ అందులోనే ఉందని వారం తర్వాత గుర్తొచ్చింది.

ముప్పై జీబీలో పనికిరానిది దాదాపు అంతా. పనికొచ్చేది కొన్ని వందల కిలోబైట్లు. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఈ రోజు చెప్పాల్సిన అసలు విషయం ఇదే: మిగిలిపోయిన ఫైళ్లన్నీ చెత్త కాదు. ఊడ్చే ముందు ఏరుకోవాలి.

అసలు ఎందుకు మిగులుతాయి?

వైన్ అనేది 1993లో మొదలైన ఫ్రీ సాఫ్ట్‌వేర్. పదిహేనేళ్ల తర్వాత, 2008 జూన్‌లో 1.0 వెర్షన్ వచ్చింది. 2018 ఆగస్టులో వాల్వ్ కంపెనీ ఆ వైన్ మీదే కట్టిన ప్రోటాన్‌ని స్టీమ్‌లో కలిపింది. ఇప్పుడు లైనక్స్‌లో విండోస్ గేమ్‌లు ఇంత తేలిగ్గా ఆడగలుగుతున్నామంటే ముఖ్యంగా ఈ రెండింటి వల్లే.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక డబ్లిన్ ఉదాహరణతో చెప్తాను. హావోక్ అనే పేరు గేమ్‌లు మొదలయ్యేటప్పుడు లోగోల్లో చూసే ఉంటారు. గేమ్‌లో పీపా దొర్లడం, గోడ కూలడం లాంటివి లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ అది. 1998లో ఇక్కడి ట్రినిటీ కాలేజీలో పుట్టిన కంపెనీ. 2004లో వచ్చిన హాఫ్-లైఫ్ 2లో వాడింది దాన్నే. పీపా ఎటు దొర్లాలి అనేది వట్టి లెక్క. దానికి విండోస్‌ని అడగక్కర్లేదు, ప్రాసెసర్ చేసేస్తుంది. కానీ "ఈ ఆటని ఇక్కడిదాకా సేవ్ చెయ్యి", "ఈ సెట్టింగ్ రాసిపెట్టు" అన్నప్పుడు మాత్రం గేమ్ విండోస్‌ని అడుగుతుంది. అక్కడ విండోస్ లేదు. ఆ మాటకి వైన్ జవాబు చెప్తుంది. సీ డ్రైవ్ ఏదని గేమ్ అడిగితే, మామూలు ఫోల్డర్ ఒకటి చూపించి ఇదే నీ సీ డ్రైవ్ అంటుంది.

ఆ ఉత్తుత్తి విండోస్ ఇంటిని ప్రిఫిక్స్ అంటారు. దాంట్లో డ్రైవ్-సీ అనే ఫోల్డర్, రిజిస్ట్రీ కోసం రెండు మూడు ఫైళ్లు ఉంటాయి. గేమ్ ఆ ఇంట్లో అద్దెకి దిగుతుంది. అన్‌ఇన్‌స్టాల్ అంటే అద్దెకున్నవాళ్లు వెళ్లిపోవడం. ఇల్లు అలాగే ఉంటుంది. అటక మీద సామానూ ఉంటుంది. గేటు మీద పేరు బోర్డు కూడా ఉంటుంది. మనం ఇక్కడ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ కోసం గది గది చూసి ఎలా అప్పజెప్తామో, ఇదీ అలాగే చెయ్యాలి.

ఇంకో మాట. వైన్‌ని సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి తీసేస్తే వైన్ ప్రోగ్రామ్ మాత్రమే పోతుంది. లైనక్స్‌లో ప్యాకేజీ మేనేజర్ మీ హోమ్ ఫోల్డర్‌లో ఉన్న వాటి జోలికి రాదు. అది లోపం కాదు, మీ సొంత ఫైళ్లు కాపాడటానికి పెట్టుకున్న పద్ధతి. లిమరిక్ తమ్ముడికి జాగా రాకపోవడానికి కారణం ఇదే.

మొదటి పని: సేవ్ ఫైళ్లు ఏరుకోవడం

ఫైల్ మేనేజర్ తెరిచి హోమ్ ఫోల్డర్‌లో ఉండి కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. చుక్కతో మొదలయ్యే దాగున్న ఫోల్డర్లు బయటపడతాయి. ఉబుంటులో, మింట్‌లో రెండింటిలోనూ ఇదే.

సేవ్ ఫైళ్లు ఒకే చోట ఉండవు. గేమ్ తయారుచేసినవాళ్ల ఇష్టం. ముఖ్యంగా చూడాల్సిన చోట్లు ఇవి:

- డ్రైవ్-సీలో యూజర్స్, అందులో మీ పేరు, అందులో యాప్‌డేటా. దాని లోపల రోమింగ్, లోకల్, లోకల్‌లో అని మూడు ఉంటాయి. మూడూ చూడండి.
- డాక్యుమెంట్స్, అందులో మై గేమ్స్.
- సేవ్డ్ గేమ్స్ అనే ఫోల్డర్.
- గేమ్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డరే. పాత గేమ్‌లలో ఇది ఎక్కువ.

రెండు పాత గేమ్‌లు చూడండి. వైస్ సిటీ సేవ్‌లు డాక్యుమెంట్స్‌లో గేమ్ పేరుతో ఉన్న యూజర్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. 1999లో వచ్చిన అసలు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో సేవ్‌గేమ్, సినారియో అనే ఫోల్డర్లు గేమ్ ఫోల్డర్ లోపలే ఉంటాయి. నా కొంప ముంచింది ఆ సినారియో ఫోల్డరే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలు వైన్‌లో, గేమ్‌కి కనిపించే డాక్యుమెంట్స్ ఫోల్డర్ నిజానికి మీ అసలు డాక్యుమెంట్స్‌కి దారి చూపే లింకు మాత్రమే. కాబట్టి వైస్ సిటీ సేవ్ మీ పే స్లిప్పుల పక్కనే కూర్చుని ఉంటుంది. డాట్ వైన్ తీసేసినా అది పోదు. కానీ ఆ లింకు తెరిచి లోపలికి వెళ్లి అక్కడ డిలీట్ చేస్తే మాత్రం పోయేవి మీ అసలు డాక్యుమెంట్లు. ఫోల్డర్ బొమ్మ మీద చిన్న బాణం గుర్తు కనిపిస్తే అది లింకు. దాని లోపలికి వెళ్లి ఏమీ తీసెయ్యకండి. అలాగే వైన్‌లో జెడ్ డ్రైవ్ అంటే మీ మొత్తం కంప్యూటర్. అక్కడ క్లీనింగ్ పెట్టుకోకండి.

స్టీమ్ ప్రోటాన్‌లో ఇలా కాదు. ప్రతి గేమ్‌కీ విడిగా ఒక ఇల్లు. అందులో యూజర్ పేరు స్టీమ్‌యూజర్. డాక్యుమెంట్స్ కూడా ఆ ఇంటి లోపలే ఉంటుంది. ఆ ఇల్లు పోతే సేవ్ కూడా పోతుంది. స్టీమ్ క్లౌడ్ ఉంది కదా అనుకుంటాం. క్లౌడ్ అన్ని గేమ్‌లకీ ఉండదు. గేమ్ స్టోర్ పేజీలో స్టీమ్ క్లౌడ్ అని రాసి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ ఫోల్డర్‌ని చేత్తో కాపీ చేసుకోవాల్సిందే.

ఒక్కో గేమ్ వెతికే ఓపిక లేకపోతే లుడుసావి అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఏ గేమ్ సేవ్‌లు ఎక్కడ పెడుతుందో దానికి చాలా వాటి గురించి తెలుసు. ప్రోటాన్ గేమ్‌లనీ గుర్తుపడుతుంది, బ్యాకప్ తీసి పెడుతుంది. మీరు సొంతంగా గీసుకున్న మ్యాప్‌లు, వేసుకున్న మోడ్‌లు మాత్రం అందులోకి వచ్చాయో లేదో మీరే తెరిచి చూసుకోండి.

రెండో పని: గేమ్‌ని వచ్చిన దారిలోనే పంపడం

ఏ ప్రోగ్రామ్‌తో ఇన్‌స్టాల్ చేశారో దానితోనే తీసెయ్యండి.

వైన్‌లో నేరుగా వేసుకున్నవాటికి వైన్ అన్‌ఇన్‌స్టాలర్ ఉంది. విండోస్‌లో యాడ్ ఆర్ రిమూవ్ ప్రోగ్రామ్స్ లాంటిదే. ఇన్‌స్టాలర్‌తో వేసిన గేమ్‌లు సాధారణంగా అందులో కనిపిస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచి ఫోల్డర్ కాపీ చేసుకున్నవి కనిపించవు, వాటి ఫోల్డర్‌ని మనమే తీసెయ్యాలి. వైన్ ఉండగానే ఈ పని చెయ్యండి. వైన్ తీసేశాక అన్‌ఇన్‌స్టాలర్ నడవదు.

హీరోయిక్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే ప్రిఫిక్స్ కూడా తీసెయ్యాలా అని ఒక టిక్ పెట్టె వస్తుంది. టిక్ పెడితే జాగా వస్తుంది, బ్యాకప్ లేని సేవ్‌లు పోతాయి. మొదటి పని పూర్తయ్యాకే టిక్ పెట్టండి. లూట్రిస్ కూడా ఫైళ్లు తీసెయ్యాలా, జాబితాలోంచి పేరు మాత్రం తీసెయ్యాలా అని అడుగుతుంది. చదవకుండా ఓకే కొట్టే అలవాటు మనందరికీ ఉంది. ఇక్కడ మాత్రం చదవండి.

మూడో పని: ఖాళీ ఇళ్లు వెతకడం

మింట్‌లో, ఉబుంటులో డిస్క్ యూసేజ్ ఎనలైజర్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. కేడీఈ వాడేవాళ్లకి ఫైల్‌లైట్. అది తెరిచి హోమ్ ఫోల్డర్ ఎంచుకుంటే, ఏ ఫోల్డర్ ఎంత తింటోందో బొమ్మ గీసి చూపిస్తుంది. దాగున్నవి కూడా లెక్కలోకి వస్తాయి. చాలామందికి "ఓహో, ఇదా" అనిపించేది ఇక్కడే.

డాట్ వైన్ ఫోల్డర్ దగ్గర ఒక ప్రశ్న వేసుకోండి: ఈ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా? మామూలు వైన్‌లో వేరే చెప్పకపోతే అన్ని విండోస్ ప్రోగ్రామ్‌లూ ఒకే ఇంట్లో దిగుతాయి. గేమ్‌తో పాటు ఏదైనా ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఉంటే, మొత్తం ఫోల్డర్ తీసెయ్యకూడదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆ గేమ్ ఫోల్డర్ ఒక్కటే తియ్యండి. ఎవరూ లేరని ఖాయం అయితే మొత్తం తీసెయ్యొచ్చు. మళ్లీ వైన్ వాడితే కొత్త ఇల్లు అదే కట్టుకుంటుంది.

స్టీమ్ విషయానికొస్తే, స్టీమ్ ఫోల్డర్ ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో చోట ఉంటుంది. తేలిక దారి: లైబ్రరీలో ఇంకా ఉన్న ఏదైనా గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్‌లో బ్రౌజ్ లోకల్ ఫైల్స్ నొక్కండి. తెరుచుకున్న ఫోల్డర్ నుంచి రెండు మెట్లు పైకి వెళ్తే స్టీమ్‌యాప్స్ వస్తుంది. అందులో చూడాల్సినవి మూడు. కామన్‌లో గేమ్‌లు, కంపాట్‌డేటాలో ప్రోటాన్ ఇళ్లు, షేడర్‌క్యాష్‌లో గ్రాఫిక్స్ కోసం ముందే వండి పెట్టుకున్న సరుకు.

కంపాట్‌డేటాలో పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. అది ఆ గేమ్ యాప్ ఐడీ. స్టోర్ పేజీ అడ్రస్‌లోనే ఆ నంబర్ కనిపిస్తుంది. 292030 ఉంటే విచర్ 3. 813780 ఉంటే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కొత్త ఎడిషన్. స్టీమ్ గేమ్ తీసేసినప్పుడు దాని ఇల్లు కూడా పోయిందనేవాళ్లూ ఉన్నారు, మిగిలిపోయిందనేవాళ్లూ ఉన్నారు. అందుకే పోతుందనీ, ఉంటుందనీ నమ్ముకోకుండా తెరిచి చూడండి. బయటి గేమ్‌ని నాన్-స్టీమ్ గేమ్‌గా కలుపుకుని ఉంటే మాత్రం, షార్ట్‌కట్ తీసేసినా ఇల్లు ఉండిపోతుంది. దాని నంబర్ చాలా పొడుగ్గా ఉంటుంది, స్టోర్‌లో వెతికినా దొరకదు. లోపల పీఎఫ్‌ఎక్స్, దానిలో డ్రైవ్-సీ తెరిస్తే ఏ గేమో అర్థమవుతుంది.

షేడర్‌క్యాష్ గురించి భయం అక్కర్లేదు. తీసేసిన గేమ్‌ల నంబర్లున్నవి తీసెయ్యండి. పొరపాటున ఉన్న గేమ్‌ది తీసినా మళ్లీ తయారవుతుంది, మొదటిసారి కాస్త తడబడుతుంది అంతే. వాడని పాత ప్రోటాన్ వెర్షన్‌లు కూడా లైబ్రరీలో టూల్స్ కింద ఉంటాయి, వాటిని స్టీమ్ నుంచే అన్‌ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

స్టీమ్‌ని ఫ్లాట్‌పాక్‌గా వేసుకున్నవాళ్లకి ఇదంతా డాట్ వార్, అందులో యాప్ అనే ఫోల్డర్ కింద ఉంటుంది. స్నాప్‌గా వేసుకుంటే హోమ్‌లో స్నాప్ అనే ఫోల్డర్‌లో.

తీసెయ్యడానికి నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఒకటుంది. వెంటనే డిలీట్ చెయ్యను. ఫోల్డర్ పేరు చివర "పాతది" అని కలిపి వారం రోజులు వదిలేస్తాను. ఆ వారంలో ఏదీ ఆగిపోకపోతే, ఏదీ గుర్తుకు రాకపోతే, అప్పుడు ట్రాష్‌కి పంపుతాను. షిఫ్ట్ మాత్రం పట్టుకోను. ట్రాష్ ఖాళీ చేసేదాకా జాగా రాదని గుర్తుంచుకోండి. "తీసేశాను, అయినా తగ్గలేదు" అనేవాళ్లలో సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

నాలుగో పని: గేటు మీద పేరు బోర్డు

మెనూలో మిగిలిన గేమ్ పేర్లు వేరే చోట ఉంటాయి. హోమ్‌లో డాట్ లోకల్, అందులో షేర్, అందులో అప్లికేషన్స్, అందులో వైన్. అక్కడ ప్రోగ్రామ్స్ ఫోల్డర్‌లో ఆ గేమ్ పేరుతో ఉన్నది తీసేస్తే మెనూ నుంచి పేరు పోతుంది. కొన్నిసార్లు ఒకసారి లాగౌట్ అయి రావాలి.

వైన్ మొత్తంగా తీసేసినవాళ్లకి ఇంకో వింత ఎదురవుతుంది. టెక్స్ట్ ఫైల్ నొక్కితే వైన్ నోట్‌ప్యాడ్‌తో తెరవమంటావా అని అడుగుతుంది, వైన్ చూస్తే లేదు. అదే అప్లికేషన్స్ ఫోల్డర్‌లో వైన్-ఎక్స్‌టెన్షన్ అని మొదలయ్యే చిన్న చిన్న ఫైళ్లు ఉంటాయి. ఏ రకం ఫైల్‌ని ఏ విండోస్ ప్రోగ్రామ్ తెరవాలో రాసిపెట్టిన చీటీలు అవి. ఇక వైన్ వాడం అనుకుంటే వాటిని తీసెయ్యొచ్చు.

లాప్‌టాప్ చేతులు మారేటప్పుడు

మనలో చాలామంది పాత లాప్‌టాప్‌ని కొత్తగా వచ్చిన స్టూడెంట్‌కి ఇస్తాం, లేదా అమ్ముతాం. అప్పుడు ఈ మిగులు ఫైళ్లు జాగా సమస్య మాత్రమే కాదు. ప్రిఫిక్స్‌లలో గేమ్ లాంచర్ల లాగిన్ వివరాలు, ఈమెయిల్ అడ్రస్ ఉండిపోవచ్చు. గేమ్ తీసేసినా అవి ఉండొచ్చు. ఇచ్చే ముందు సేవ్‌లు ఏరుకుని, అకౌంట్లలోంచి అన్ని డివైజ్‌లనూ సైనౌట్ చేసి, డిస్క్ పూర్తిగా చెరిపి లైనక్స్ కొత్తగా వేసి ఇవ్వండి. లిమరిక్ తమ్ముడు అడిగిన ఫార్మాట్ ఇక్కడ పనికొస్తుంది.

అసలు పనిచెయ్యని లాప్‌టాప్ అయితే మామూలు చెత్త డబ్బాలో వెయ్యకండి. ఐర్లాండ్‌లో కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్లు ఇంటి ఎలక్ట్రానిక్ సామాను ఉచితంగా తీసుకుంటాయి. కొత్తది కొన్నప్పుడు అలాంటి పాతదాన్ని ఆ షాపు కూడా డబ్బు అడక్కుండా తీసుకోవాలి. దాంట్లోని డిస్క్ సంగతి ముందు చూసుకోండి.

ఇక లిమరిక్ తమ్ముడి సంగతి. డాట్ వైన్‌లో 41 జీబీ ఉంది. రెండు సేవ్ ఫోల్డర్లు ఏరుకున్నాడు, రెండూ కలిపి 60 ఎంబీ కూడా లేవు. మిగతాది "పాతది" అని పేరు మార్చి పెట్టాడు. ఆదివారానికి వారం అవుతుంది, అప్పుడు ఊడుస్తానన్నాడు.

మా చెల్లికి ఆ మ్యాప్ పోయిందని చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. "పోతే పోయిందిలే అన్నయ్యా, మళ్లీ గీస్తా" అంది. ఆ మిల్లు ఇప్పుడు లేదు, పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. వీధి చివర అది సరిగ్గా ఎటు తిరిగి ఉండేదో ఇద్దరికీ గుర్తు రాలేదు.

మీ డిస్క్‌లో పాత గేమ్ ఫోల్డర్ ఉంటే ఈ వారాంతం ఒకసారి తెరిచి చూడండి. ఏమైనా దొరికితే వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం. ఉంటాను.